జిరాఫీ గుండె అంత పెద్దదేం కాదు

మా మేనల్లుడి క్విజ్ పుస్తకం ప్రకారం నేల మీది జంతువుల్లో అతి పెద్ద గుండె జిరాఫీది. రెండడుగుల పొడవట, పదకొండు కిలోల బరువట. అంత పొడుగు మెడ పైకి నెత్తురు ఎక్కించాలంటే అంత గుండె కావాలి కదా అని కింద ఒక వివరణ కూడా. వాడు మొత్తం కంఠతా పట్టేశాడు. వాణ్ణేమీ అనను. పెద్దవాళ్లే ఏళ్లుగా ఒకరి దగ్గరొకరు ఎత్తిరాసుకుంటున్న మాట ఇది.

మొదటి ముక్క ఎలాగూ నిలవదు, ఏనుగుండగా ఆ పీట జిరాఫీకి దక్కదు. అసలు పేచీ బరువు దగ్గరే. పాత శాస్త్ర రచనల్లోనే ఒంటి బరువులో 2.3 శాతం దాకా గుండేనని లెక్క కట్టినవాళ్లున్నారు. అలాగైతే టన్ను జంతువు ఇరవై మూడు కిలోల గుండె మోయాలి! గ్రాహం మిచెల్, జాన్ స్కిన్నర్ అనే పరిశోధకులు 56 జిరాఫీలను, 18 కిలోల పిల్ల మొదలు 1500 కిలోల పెద్దదాని దాకా, కొలిచి 2009లో లెక్క తేల్చారు: సగటున 0.51 శాతం. అంటే టన్ను జిరాఫీకి అయిదు కిలోల పైచిలుకు. మిగతా క్షీరదాల వాటా కూడా ఇంచుమించు ఇంతే.

మరి మెడ సంగతి? గుండె నుంచి తల దాకా రెండు మీటర్లు. అంత ఎత్తు నెత్తురు బరువుకే దాదాపు 150 పాయింట్ల బీపీ ఖర్చయిపోతుంది. అందుకే జిరాఫీ బీపీ అదే బరువున్న జంతువులకు రెట్టింపు. ఈ పని ఎలా నెగ్గుతుందో తెలియాలంటే మటన్ కొట్లో మేక గుండెకాయ తెచ్చి అడ్డంగా కోసి చూడండి. ఊపిరితిత్తులకు పంపే కుడి గది గోడ పలచన, ఒళ్లంతటికీ పంపే ఎడమ గది గోడ దళసరి. జిరాఫీలో ఈ తేడా మరీ ముదిరింది. మెడ పెరిగేకొద్దీ ఎడమ గోడ మందమవుతూ పోతుంది, లోపలి గది ఇరుకుగానే ఉంటుంది. సైకిల్ పంపు గొట్టం సన్నగా ఎందుకుంటుందో ఆలోచించండి. గొట్టం లావైతే అంత ఒత్తిడికి మన చేతి బలం చాలదు. గది ఇరుకై గోడ మందమైతే కండ మీద పడే లాగుడూ అంతే తగ్గుతుంది.

మనిషికైతే ఏళ్ల తరబడి బీపీ ఉంటే గుండె గోడ మందమై, పీచు పట్టి బిగుసుకుపోతుంది. డాక్టరు మందులు రాస్తాడు. జిరాఫీకి ఆ బాధ లేదు. దాని జన్యువుల్లో ఒకదాని మార్పును ఎలుకల్లో పెట్టి చూస్తే, బీపీ పెంచినా వాటి గుండె అంతగా చెడలేదని 2021లో తేలింది. అయితే ఇరుకు గదికి మూల్యం ఉంది: ఒక్కో దెబ్బకు బయటికెళ్లే నెత్తురు తక్కువ.

పుస్తకంలో ‘పెద్ద’ కొట్టేసి ‘దళసరి’ అని పెన్సిల్‌తో దిద్దాను. వాడు వెంటనే రబ్బరు తెచ్చి చెరిపేశాడు. అలా రాస్తే మార్కు పోతుందట.