చలి పేరు చెప్పి చిన్న చేపను చంపకండి

దసరా దాటి పొద్దు కురచైతే చాలు, కోదాడ నుంచి మిర్యాలగూడ దాకా చేపల గుంట ఉన్న ప్రతి ఇంటి ముందూ ఒకటే మాట. చలికాలం వస్తోంది, చిన్న చేపలు తట్టుకోలేవు, చచ్చి కుళ్ళితే నీళ్ళు చెడతాయి, కాబట్టి ముందే మందు కొట్టి ఏరి పారెయ్యాలి. మొన్న ఒక పెళ్ళి భోజనాల దగ్గర చేపల మేత అమ్ముకునే ఒకాయన రైతుల మధ్య కూర్చుని ఇదే బోధించాడు. పెరట్లో గుంట తవ్వుకుని కొర్రమీను, పక్క గుంటలో దానికి మేతగా చిన్న చేపలు పెంచుతున్న కుర్రవాడొకడు, "మేత చేపల గుంటకు బ్లీచింగ్ ఎంత పొయ్యాలన్నా?" అని అడిగాడు. ఆయన కిలోల లెక్క చెప్పాడు. ఆ తర్వాత చలికాలమంతా తన దగ్గర దొరికే గుళికల మేత వెయ్యమన్నాడు, ఎండలు ముదిరే ముందు జిలేబి, అంటే తిలాపియా, పిల్లలు తెచ్చి ఆ గుంట నింపుకొమ్మన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళంతా తల ఊపారు. ఆ తల ఊపడం చూసి రాస్తున్న వ్యాసమిది.

కొర్రమీను మాంసం తినే చేప. పక్క గుంటలో పెరిగే పరకలు, చందమామలు, చిన్న జెల్లలు దాని తిండి. అవి కట్టెదుట ఈదుతుంటే చంపి, ఆ తిండినే సంచుల్లో కొనుక్కోమనడం ఏ రకం సలహా? పైగా కొర్రమీనుకు కడుపు నిండకపోతే అది తన పక్కనున్న కొర్రమీనునే మింగుతుంది. పెద్దది చిన్నదాన్ని తింటుంది, ఫిబ్రవరిలో వల వేసేసరికి లెక్క సగానికి పడిపోతుంది. అప్పుడు రైతు "చలికి పోయాయి" అంటాడు. చలికి పోలేదు నాయనా, ఆకలికి పోయాయి.

అసలు చిన్న చేపలు మన చలికి చస్తాయన్న మాట ఎవరు పుట్టించారు? మన పరక, మన చందమామ బీహారులో ఉన్నాయి, అస్సాంలో ఉన్నాయి, బంగ్లాదేశ్‌లో ఉన్నాయి. అక్కడ పుష్యమాసపు మంచుకు మనిషికే పళ్ళు కొట్టుకుంటాయి. అక్కడి నీళ్ళలో తరతరాలుగా బతికి పిల్లలు పెడుతున్న జాతి సూర్యాపేటలో చలికి చస్తుందా? మన దగ్గర డిసెంబరు, జనవరి రాత్రుల్లో గాలి 15 డిగ్రీల దగ్గరికి దిగుతుంది, కొన్నేళ్ళు ఇంకా కిందికి పోతుంది. అది గాలి సంగతి. నడుము లోతు నీళ్ళున్న గుంట పగటి ఎండను దాచుకుంటుంది, తెల్లవారుజామున కూడా గాలికంటే వెచ్చగానే ఉంటుంది. చేప తిండి తగ్గిస్తుంది, ఎదుగుదల మందగిస్తుంది, అడుగుకు చేరుతుంది. అంతే. చావదు.

ఈ భయం మనది కాదు. అమెరికాలో అలబామా, టెక్సాస్ లాంటి దక్షిణ రాష్ట్రాల్లో ఇంటి చెరువుల్లో బాస్ అనే వేట చేపను పెంచుతారు. దానికి తిండిగా వసంతంలో తిలాపియా వేస్తారు. ఎండాకాలమంతా తిలాపియా పిల్లలు పెడుతుంది, బాస్ తింటుంది. చలి మొదలై నీళ్ళు 10, 12 డిగ్రీలకు దిగేసరికి తిలాపియా మత్తెక్కి తేలుతుంది, దొరికినంత బాస్ తింటుంది, మిగిలింది చస్తుంది. మళ్ళీ వసంతంలో కొత్త పిల్లలు కొంటారు. వాళ్ళ చలికి అది సరైన పద్ధతే. ఆ ముక్కను ఫోన్‌లో చూసి, తెలుగులో మాట కలిపి, నాగార్జునసాగర్ ఎడమ కాలువ కింద ఉన్న రైతుకు అమ్ముతున్నారు. అక్కడ ఏటా చలి చేసే పనిని ఇక్కడ ఏ చలీ చెయ్యదు. మన గుంటలో వేసిన తిలాపియా సంక్రాంతికి కూడా బతికే ఉంటుంది, ఉగాదికి కుటుంబం పెంచుకుని ఉంటుంది.

ఈ జిలేబి సంగతి ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే నా అసలు గొడవ దానితోనే. మొజాంబిక్ తిలాపియా 1952లో మన దేశానికి వచ్చింది. పేదవాడి చేప అన్నారు, ఏ నీళ్ళలోనైనా పెరుగుతుందన్నారు. ఏడేళ్ళు తిరిగేసరికి, 1959లో, దాన్ని ఇక పెంచవద్దు, వ్యాప్తి చెయ్యవద్దు అని దేశంలోని మత్స్య పరిశోధకులే తీర్మానించారు. కారణం ఏ చెరువు గట్టు మీద నిలబడినా కనిపిస్తుంది. రెండు మూడు నెలల వయసుకే గుడ్డుకొస్తుంది. తల్లి గుడ్లను నోట్లో దాచుకుంటుంది, పిల్లలు పుట్టాక కూడా ప్రమాదం వస్తే నోట్లోకి తీసుకుంటుంది. మన పరక గుడ్లను నీటిలో వదిలేసి పోతుంది, ఆ గుడ్లను ఈ జిలేబి తింటుంది. ఇద్దరికీ పోటీ పెడితే ఎవరు గెలుస్తారో చెప్పడానికి పరిశోధన అక్కర్లేదు. తర్వాత నైలు తిలాపియా వచ్చింది, మేలు జాతి అన్నారు, మగవాటినే పెంచితే పిల్లలు పెట్టవన్నారు. 2009 నుంచి అనుమతి తీసుకుని, షరతులకు లోబడి పెంచమని కేంద్రం నియమాలు పెట్టింది. గట్లు ఎత్తుగా ఉండాలి, నీళ్ళు బయటికి పోయే చోట జాలీలు ఉండాలి, వరద వచ్చే చోట పెంచకూడదు. పెరటి గుంటలో పాలిథిన్ సంచితో పిల్లలు తెచ్చి వేసుకునేవాడికి ఈ నియమాల్లో ఒక్కటైనా ఎవరైనా చదివి వినిపించారా? ఆ సంచిలో మగవి మాత్రమే ఉన్నాయని పూచీ ఎవరిది?

వరద మాట అన్నాను కాబట్టి 2024 గుర్తుచేస్తాను. ఆగస్టు ఆఖరి రోజున, సెప్టెంబరు ఒకటిన కురిసిన వానలకు కోదాడలో వీధులు వాగులయ్యాయి. నడిగూడెం మండలంలో సాగర్ ఎడమ కాలువకు గండి పడింది. పొలాలు ఇసుక మేటలయ్యాయి, మనుషులు పోయారు. ఆ నీళ్ళలో ఏ గుంటలోని చేప ఏ చెరువుకు చేరిందో, ఏ చెరువులోది ఏ వాగెక్కి మూసీలో, పాలేరులో కలిసిందో ఎవరు చెప్పగలరు? పెరటి గుంటకు నాలుగు వైపులా గట్లుంటే అది వేరే లోకం అనుకుంటున్నారు. మన నేలలో ప్రతి గుంటకూ కింద ఒక చెరువు ఉంది. కాకతీయుల కాలంలో రేచర్ల వాళ్ళు పిల్లలమర్రి చుట్టుపక్కల తవ్వించిన చెరువుల నుంచి నిన్నటి మిషన్ కాకతీయ పూడికతీతల దాకా ఈ ప్రాంతమంతా ఒకదాని అలుగు ఇంకొకదానిలో పడే గొలుసుకట్టు. మీ ఇంట్లో వేసిన జిలేబి మీ ఇంట్లో ఉండదు.

ఇంకో చేప కూడా ఇదే దారిలో వచ్చింది, గంబూసియా. దోమ పిల్లల్ని తింటుందని 1928లో ఇటలీ నుంచి మన దేశానికి తెచ్చారు. ఇప్పటికీ డెంగీ రోజుల్లో దాన్ని కుంటల్లో వదిలి ఫొటో దిగడం ఆగలేదు. అది దోమ పిల్లలతో ఆగదు, మన చిన్న చేపల గుడ్లూ పిల్లలూ తింటుంది. ప్రపంచంలోని అతి ప్రమాదకరమైన వంద చొరబాటు జాతుల జాబితాలో దాని పేరు ఉంది. నుదుట వెండి చుక్కతో నీటి పైపొరలో తిరిగే మన చిన్న చేప అదే దోమ పిల్లల్ని అంతకంటే శ్రద్ధగా తింటుంది. దాన్ని బ్లీచింగ్ పోసి చంపి, ఆ ఖాళీలో గంబూసియా వదులుతున్నాం. మత్స్యశాఖ ఒక పక్క, ఆరోగ్యశాఖ ఇంకో పక్క, మధ్యలో చేప.

బ్లీచింగ్, ఇప్ప చెక్క వాడమని పుస్తకాల్లో రాసి ఉంది కదా అంటారు. ఉంది. హెక్టారుకు మీటరు లోతు నీటికి 2,500 కిలోల ఇప్ప చెక్క వేసి ఉన్న చేపలన్నిటినీ తీసేసి, ఆ తర్వాత బొచ్చె, రవ్వ పిల్లల్ని వెయ్యమని రాశారు. అది పెద్ద చేపల వ్యాపారపు చెరువు కోసం, పిల్లలు వెయ్యడానికి ముందు చేసే పని. ఇంటి వెనక గుంటలో కొర్రమీనుకు మేతగా పెంచుకునే చేపలకు చలికాలం ముందు చెయ్యమని ఏ పుస్తకంలోనూ లేదు. దాన్ని దీపావళికి ముడిపెట్టింది మేత వ్యాపారం.

అసలు పెద్ద చేపల చెరువులో కూడా చిన్న చేపలుంటే నష్టమన్న మాట ఎంతవరకు నిజం? బంగ్లాదేశ్‌లో మోల అనే వెండిరంగు చిన్న చేపను రవ్వ, బొచ్చెలతో కలిపి పెంచి చూశారు. పెద్ద చేప దిగుబడి పడిపోలేదు. ఆ ఇళ్ళలో పిల్లలకు తినడానికి చేప దొరికింది. ఆ మోల మన చెరువుల్లోనూ ఉంది. తలతో సహా, కళ్ళతో సహా తినే చేప కాబట్టి విటమిన్ ఎ, కాల్షియం, ఇనుము అన్నీ అందులో నుంచి నేరుగా కడుపులోకి వెళ్తాయి. ఈ పని మీద ఏళ్ళ తరబడి శ్రమించిన శకుంతలా హరక్‌సింగ్ థిల్‌స్టెడ్‌కు 2021లో వరల్డ్ ఫుడ్ ప్రైజ్ ఇచ్చారు. ట్రినిడాడ్‌లో పుట్టిన, మన దేశపు మూలాలున్న మనిషి ఆమె. ప్రపంచం బహుమతి ఇచ్చిన చేపకు మనం బ్లీచింగ్ పోస్తున్నాం.

ఇక్కడ నాకు కోపం కంటే బాధ ఎక్కువ. చిన్న చేప అంటే పేదింటి కూర. కిలో కొర్రమీను కొనలేని ఇల్లు గుప్పెడు పరకలు కొంటుంది, చింతపులుసులో వేస్తుంది, మిగిలితే ఎండబెట్టి వానాకాలానికి దాచుకుంటుంది. ముదిరాజ్, బెస్త ఆడవాళ్ళు తట్టల్లో పెట్టుకుని ఊరూరా తిరిగి అమ్మేది ఈ చేపే. 2016-17 నుంచి ప్రభుత్వం ఉచితంగా చెరువుల్లో వదులుతున్న పిల్లలు బొచ్చె, రవ్వ, బంగారు తీగ. అవి పెరిగితే లారీ ఎక్కుతాయి. తట్టలోకి వచ్చేది చిన్న చేప. రాష్ట్ర చేపగా కొర్రమీనును ప్రకటించుకున్నాం, దాని నోటికాడి కూడును, దాన్ని కొనలేనివాడి నోటికాడి కూడును ఒకే సంచితో చంపుతున్నాం.

చలికాలంలో చేపలు చచ్చే మాట నిజమే. చంపేది ఏమిటో చూడాలి. వరి కోతల ముందు పొలాల్లో కొట్టిన పురుగుమందు ఒక్క వానకు కాలవ వెంట గుంటలోకి దిగుతుంది, తెల్లారేసరికి తెల్లటి పొట్టలు తేలతాయి. రెండోది పుండ్ల జబ్బు. నీటిలోని బూజులాంటి జీవి చేప ఒంట్లోకి చొచ్చుకుపోయి కండను తినేస్తుంది. 1988లో మన దేశపు ఈశాన్యంలోకి వచ్చిన ఈ జబ్బు చల్లబడే నెలల్లోనే ముదురుతుంది, కొర్రమీనుకు, పరకకు ఎక్కువగా సోకుతుంది. దానికి సున్నం ఉంది, భువనేశ్వర్‌లోని కేంద్ర మంచినీటి మత్స్య పరిశోధన సంస్థ తయారుచేసిన సిఫాక్స్ ఉంది. మూడోది మబ్బు పట్టిన రోజుల్లో ఆక్సిజన్ తగ్గడం. మూడింటికీ మార్గాలున్నాయి. వీటిలో దేనికీ బ్లీచింగ్‌తో మేత చేపల్ని చంపడం మందు కాదు.

మరి ఏం చెయ్యాలి? స్వాతి కార్తె నుంచి అనూరాధ కార్తె దాకా, నీళ్ళు ఇంకా వెచ్చగా ఉన్నప్పుడే, చిన్న కన్ను వలతో మేత చేపల గుంటను రెండు మూడు విడతలుగా పలుచన చెయ్యండి. తీసినదాంట్లో కొంత కొర్రమీనుకు, కొంత ఇంటికి, మిగిలింది ఎండకు. గుంటలో గుడ్డుకొచ్చే చేపల్ని తప్పకుండా వదలండి, ఆషాఢంలో మళ్ళీ గుంట నింపేవి అవే. వల వేసేది పొద్దెక్కాక, నీళ్ళు కాస్త వేడెక్కాక. జిలేబి కనిపిస్తే ఒక్కటి కూడా తిరిగి నీళ్ళలో వెయ్యకండి, వండుకోండి, లేదా కొర్రమీనుకు ముక్కలు చేసి వెయ్యండి. మేత తగ్గించండి, నీళ్ళ లోతు తగ్గనివ్వకండి. సాగర్ కాలువ నీళ్ళు ఆగేలోపే గుంట నింపుకోండి. పొలం వైపు నుంచి వచ్చే మోరీని మందు కొట్టే రోజుల్లో మూసెయ్యండి. మిర్యాలగూడ మిల్లుల తవుడు కొంచెం చల్లితే చిన్న చేపలకు అదే చాలు.

పాలేరులో మత్స్య పరిశోధన కేంద్రం ఉంది, అది ఖమ్మం జిల్లా అని మనం వదిలెయ్యకూడదు. పరకల్ని, చందమామల్ని, మోలను పెరటి గుంటల్లో ఎలా నిలబెట్టాలో అక్కడినుంచి ఊళ్ళకు రావాలి. ఉచిత చేప పిల్లల పథకంలో లారీ ఎక్కే జాతులతోపాటు తట్టలోకి వచ్చే జాతులూ ఉండాలని సూర్యాపేట, నల్లగొండ జిల్లాల మత్స్య సహకార సంఘాలు తీర్మానం చేసి పంపాలి. ఎంతమేర, ఏ లెక్కన అన్నది సంఘాలే తేల్చాలి, గట్టు మీద బతికేది వాళ్ళు. అప్పటిదాకా చేపల మేత అమ్మేవాడు మన గుంటలో ఏది బతకాలో నిర్ణయించడానికి వీల్లేదు. వచ్చే అమావాస్యకు ఆ కుర్రవాడి గుంట గట్టుకు చేరే బ్లీచింగ్ సంచిని దించుకోవద్దని వాళ్ళ నాన్నకు చెప్పి వచ్చాను. మీ ఊళ్ళో మీరూ చెప్పండి.