సందెవేళ తడబడిన కన్నులు



మా కదిరి ప్రాంతమున వానలు తప్పిన యేట మొదట మాయమగునది ఆకుకూర. బావులెండినచో సంతలో తోటకూర కట్టయైనను కానరాదు. సంకటియు ఊరుబిండియు పిల్లల కడుపు నింపును. అట్టి యొక వేసవిని పొరుగింటి బాలుడొకడు దీపములు పెట్టువేళ మా గడప తన్నుకొని పడి పాలచెంబు ఒలికించెను. మరునాడును అట్లే జరిగెను. "కన్నులు నెత్తికెక్కినవా?" అని గద్దించితిమి. పగలు మాకు సూదిలో దారమెక్కించి యిచ్చు బాలుడు సందెవేళ గోడలు తడుముకొనుట చూచియు మాకు తోచలేదు. అది రేచీకటి యని పిమ్మట వైద్యులు చెప్పిరి.

కంటి లోపలి వెనుకగోడను కప్పిన పలుచని పొర రెటీనా. అందు శంకువులనబడు కణములు సుమారు 60 లక్షలు. ఇవి పగటి వెలుగున రంగులు చూపును. దండములనబడునవి సుమారు 12 కోట్లు. మసక వెలుతురున ఇవియే దిక్కు. వీనియందలి రొడాప్సిను అను వర్ణద్రవ్యమునకు ఏ విటమిను కావలెను. వెలుతురు సోకగానే అందలి విటమిను భాగము వంపు విడిచి నిటారగును. చూపునకు అదియే మొదటి మెట్టు. ఈ మర్మమును శోధించిన జార్జి వాల్డునకు 1967లో నోబెలు బహుమానము లభించెను.

ఇందొక వింత కలదు. ఈ కణములు చీకటిలో ఎడతెగక రసాయనమును స్రవించుచుండి, వెలుగు పడినప్పుడు తగ్గించును. నిత్యము మాటలాడు అత్తగారు చటుక్కున ఊరకున్నచో ఇంటిల్లిపాదియు ఉలికిపడినట్లు, ఆ మౌనమే వార్త యగును! నడుమనున్న కణములు వెలుగునీడల అంచులను పోల్చి, సారమును మాత్రము సుమారు 10 లక్షల తంతువులుగల నరము ద్వారా మెదడునకు పంపును.

విటమిను కొరవడినచో ముందు దండములే చతికిలబడును. ఉపేక్షించినచో నల్లగ్రుడ్డు మీది పొర ఎండి, కరగి, చూపు శాశ్వతముగా పోవును. హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థవారు ఈ విషయమున ఎంతయో కృషిచేసిరి. 1970లో దేశమున పసిపిల్లలకు ఈ విటమిను మందు పోయు కార్యక్రమము మొదలయ్యెను. మోతాదు వైద్యులే నిర్ణయింపవలెను, మితిమీరిన హాని. ఇంటిలో మనము చేయదగినది మునగాకు. ఆ చెట్టు కరవునకు వెరవదు. కాని చుక్క నూనెయైన లేక వండినచో అందలి సారము ఒంట పట్టదు.

రేచీకటులన్నియు ఆకుకూరతో పోవునని భ్రమపడరాదు. దండములే క్రమముగా నశించు వంశపారంపర్య వ్యాధి యొకటి కలదు. మేనరికపు సంతానమున అది ఎక్కువ. కనుక కంటివైద్యునికి చూపక తప్పదు.

మా బాలునకు మందు పోసిన కొన్నిదినములకే సందెవేళ గడప చక్కగా దాటి, పాలచెంబు తానే తెచ్చెను. గద్దించినందుకు వానితో ఏమనవలెనో తోచక, చేతిలో బెల్లపు ముక్క పెట్టితిమి.