ఉసూర్ ఎండకూ వానకూ ఏ ఫిల్మ్ కెమెరా?

ఛత్తీస్‌గఢ్ బీజాపూర్ జిల్లాలోని ఉసూర్‌లో ఉద్యోగం చేస్తున్న మిత్రుడు ఈమధ్య ఫోన్‌లో అడిగాడు: "సరదాగా ఇంట్లోవాళ్ల ఫోటోలు ఫిల్మ్ మీద తీయాలనుంది. ఏ ఎస్‌ఎల్‌ఆర్ కొనమంటావు?" ఏదో కంపెనీ పేరు చెబుతాననుకున్నాడు. నేను మాత్రం కెమెరా కంటే ముందు ఆ ఊరి వాతావరణాన్ని చూడాలంటాను.

దక్షిణ బస్తర్ అడవుల్లో, తెలంగాణ సరిహద్దుకు దగ్గరగా ఉన్న ఊరది. వేసవిలో మండే ఎండ, వర్షాకాలమంతా తేమ. పాత కెమెరాను బాగుచేసేవారు దగ్గర్లో దొరకడం కష్టం. అలాంటి చోటికి పూర్తి మెకానికల్ షట్టర్ ఉన్న కెమెరా, 50 మి.మీ. లెన్స్ ఒక్కటి చాలు. 1976లో వచ్చిన పెంటాక్స్ కె1000, 1977లో వచ్చిన నికాన్ ఎఫ్‌ఎం ఈ కోవలోవే. వీటిలో షట్టర్‌ను నడిపేది స్ప్రింగులు. బ్యాటరీ లైట్ మీటర్‌కే. అది అయిపోయినా ఫోటో ఆగదు. మంచి ఎండలో అపర్చర్ ఎఫ్/16 పెట్టి, ఐఎస్‌ఓ 100 ఫిల్ముకు షట్టర్ వేగం 1/125 సెకను ఎంచుకుంటే సరి. చెట్టు నీడలో ఎఫ్/4కి తెరవాలి. అంటే నాలుగు మెట్లు, 16 రెట్ల కాంతి.

పరుగెత్తే పిల్లలను తీయడానికి ఆటోమేటిక్ కెమెరాలే సులువనే మాట నిజమే. కానీ దశాబ్దాల నాటి ఎలక్ట్రానిక్ సర్క్యూట్ పాడైతే విడిభాగాలు దొరకడం అరుదు.

కొనేముందు లెన్స్‌లోకి టార్చ్ వేసి చూడండి. సాలెగూడు దారాల్లాంటివి కనిపిస్తే అది ఫంగస్; అది విడుదల చేసే ఆమ్లాలు గాజు పూతను తినేస్తాయి. షట్టర్‌ను ఒక సెకను వేగం నుంచి మొదలుపెట్టి అన్ని వేగాల్లో నొక్కి వినండి. వెనుక తలుపు అంచున నల్ల స్పాంజి జిగురుగా మారితే వెలుతురు లోపలికి కారుతుంది.

కొన్నాక అసలు శత్రువు తేమ. తోలు కేసు తేమను పట్టి ఉంచుతుంది. కెమెరాను గాలి చొరబడని డబ్బాలో సిలికా జెల్‌తో ఉంచండి. ఫిల్ము ఫ్రిజ్‌లో పెడితే, బయటకు తీశాక గంటసేపు ఆగి మూత తెరవండి. లేదంటే చల్లటి ఫిల్ముపై నీటి ఆవిరి పేరుకుంటుంది. నెగటివ్‌లనూ పొడిగానే ఉంచాలి, వాటి మీది జెలటిన్ పొర ఫంగస్‌కు ఆహారం.

ఇంత శ్రమ ఎందుకంటే, ఆరో నిజాం ఆస్థాన ఫోటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ తీసిన 19వ శతాబ్దపు గాజు నెగటివ్‌లు ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రంలో నేటికీ ఉన్నాయి. వాటిని చూడటానికి వెలుతురు చాలు. ఫోన్‌లోని వేల ఫోటోలు ఫోన్‌తోపాటే పోవచ్చు. జాగ్రత్తగా దాచిన 36 నెగటివ్‌లు మాత్రం మనవల చేతికీ అందుతాయి. అందుకే మిత్రుడికి చెప్పాను: కెమెరా మీద తక్కువ పెట్టు, మిగిలింది ఫిల్ముకూ పొడి డబ్బాకూ ఖర్చుచెయ్యి.