అంబారవం అపరాధమా?

గృహప్రవేశ సమయంలో సవత్సయైన గోవును లోనికి నడిపించి, దాని పాదస్పర్శతో గృహం పావనమైనదని ఆనందించే గృహస్థుడే, కొన్ని మాసాలు గడవకముందే ప్రక్కనున్న పశువుల పాకను తొలగించమని పంచాయతీకి అర్జీ పెట్టుకొంటున్నాడు. కారణమేమన, ఆవులు అరుస్తున్నవట. నిద్రాభంగం, ధ్యానభంగం కలుగుతున్నవట! మా గోదావరి ప్రాంతపు గ్రామాలలో పూర్వపు పాకల ప్రక్కన నూతన గృహాలు వెలసిన చోట్ల ఈ వివాదం తరచు వినవస్తున్నది. అర్చకుడనైన నా వద్దకు ఉభయపక్షాలవారూ ధర్మనిర్ణయం కోరి వస్తుంటారు. ఉభయులకూ అప్రియమైనదే చెప్పవలసి ఉన్నది.

ప్రథమతః, ధ్యానభంగమని వాపోయే సాధకులారా! ఛాందోగ్యోపనిషత్తులోని సత్యకామ జాబాలుని వృత్తాంతం మీరెరుగనిది కాదు. హారిద్రుమత గౌతముడు ఆ బాలునికి ఉపనయనం చేసి, పిదప అప్పగించినది కృశించిన 400 గోవులను. అవి 1000 అయ్యేవరకు మరలి రానని సత్యకాముడు అరణ్యానికి వెడలినాడు. బ్రహ్మముయొక్క ప్రథమపాదాన్ని అతనికి ఉపదేశించినది ఏ మహర్షియో కాదు, ఆ మందలోని వృషభం. అనేక సంవత్సరాలు పశువుల నడుమ జీవించినవానికే ఆ స్వరం వినబడినది. పొరుగువాడు నిశ్శబ్దంగా ఉంటేనే నిలిచే ధ్యానం మీ అధీనంలో ఉన్నట్లా, పొరుగువాని అధీనంలో ఉన్నట్లా?

ఇంకొక విడ్డూరం. ఉత్సవాల పేరిట లౌడ్‌స్పీకర్లు అర్ధరాత్రి దాటినా ఘోషిస్తుంటే ఈ అర్జీదారులెవరూ నోరు విప్పరు. బహిరంగస్థలాలలో రాత్రి 10 నుండి ఉదయం 6 వరకు వాటిని సామాన్యంగా నిషేధించే నియమావళి 2000వ సంవత్సరం నుండి ఉన్నది. యంత్రం అరిస్తే భక్తి, ప్రాణి అరిస్తే ఉపద్రవమా?

అంతమాత్రాన పాక యజమాని నిర్దోషి కాడు. "గోమాత అరుపును తప్పుపడతారా?" అని భక్తిని అడ్డుపెట్టుకొనేవానికి నా ప్రత్యుత్తరమిది: తల్లి రాత్రంతా అరుస్తుంటే నీవేమి చేస్తున్నావు? ఆవు నిష్కారణంగా అరవదు. ఎదకు వచ్చిన ఆవు సుమారు 21 దినాలకొకసారి అరుస్తుంది. అది త్వరలోనే శమిస్తుంది. దూడను ఎడబాపినప్పుడు కొన్ని దినాలు అరుస్తుంది. ఇవి పొరుగువారికి ముందుగా విన్నవించి సహనం కోరదగిన సందర్భాలు. ప్రతిరాత్రీ వినవచ్చే అరుపు వేరు. గాడిలో మేత లేదు, తొట్టిలో నీరు లేదు, పడుకొనడానికి పలుపు చాలదు, దోమలు నిలువనీయవు. పాలిచ్చే ఆవుకు వేసవిలో దినమునకు పదుల లీటర్ల నీరు కావాలి. ఒక్క బిందెతో సరిపెట్టి తలుపు వేసుకొనడం గోసేవ కాదు. అట్టి అరుపు శబ్దకాలుష్యం కాదు. నోరుండీ మాట లేని ప్రాణి తన యజమానిపై చేసే అభియోగం.

పాలుడిగి, శక్తి నశించిన గోవులను దానమిస్తున్న తండ్రిని చూచి నచికేతుడు కలత చెందినాడని కఠోపనిషత్తు చెబుతున్నది. పాలు పితుకుకొని, మేత మరచి, కనుమనాడు మాత్రం పసుపు కుంకుమలు అలదడం ఆ దానానికి ఎంత దూరం?

కనుక నేను చెప్పే నిర్ణయమిది. పాకను తొలగించడం పరిష్కారం కాదు. స్థలం లేని పేదరైతు ఆవును సంతకే తోలుతాడు. అక్కడి నుండి అది ఎవరి చేతికి పోతుందో అర్జీపై సంతకం చేసే ముందు యోచించండి. యజమాని సంధ్యవేళ కడుపునిండా మేత వేయాలి, రాత్రికి తొట్టి నింపాలి, పాకను శుభ్రపరచి దోమలను తోలాలి. అరుపు విన్న పొరుగువాడు కిటికీ మూయక, లేచి వెళ్లి చూడాలి. తొట్టి ఎండి ఉంటే తానే ఒక బిందె నీరు పోయాలి. సమదర్శనంపై ప్రవచనం వినడానికి ఆలయానికి వచ్చే ఉభయులూ తొలుత ఆ పాక ముంగిట కలుసుకొందురు గాక!

స్వస్తి.