సద్ది కట్టని ప్రయాణం

పోయిన ఏడాది బెర్లిన్‌లో మా అమ్మాయి దగ్గర ఉన్నప్పుడు, ఒక శనివారం పొద్దున "అమ్మా, చెప్పులేసుకో, పోట్స్‌డామ్ పోయొద్దాం" అంది. నేను గాభరాగా వంటింట్లోకి పోయాను. "మరి సద్ది?" అంటే నవ్వింది.

లోకల్ రైల్లో దాదాపు నలభై నిమిషాలు. దారిలో వాన్‌జే సరస్సు. పోట్స్‌డామ్‌లో ప్రష్యా రాజు రెండో ఫ్రెడరిక్ 1745-47 మధ్య కట్టించుకున్న వేసవి విడిది ఉంది, పేరు సాన్‌సుసీ. ఫ్రెంచిలో 'చింత లేకుండా' అని అర్థమట. ఉర్లగడ్డ సాగును ప్రోత్సహించాడని ఆయన సమాధి మీద జనం ఉర్లగడ్డలు పెట్టి పోతారు. మధ్యాహ్నం దొరికింది తిన్నాం. దీపాలు పెట్టే వేళకు ఇంటికొచ్చాం. ఆ రోజంతా నేను ఎవరికీ వడ్డించలేదు.

తిరుగు రైల్లో మా ఊరు గుర్తొచ్చింది. వీరపునాయునిపల్లెకు కాపురానికొచ్చి 26 ఏళ్లు. చూడ్డానికి మనకేం తక్కువ? మా మండలంలోనే సర్వరాయ సాగర్ ఉంది. ఎర్రగుంట్ల మండలంలో కలమళ్ల ఉంది. తెలుగులో దొరికిన తొలి శాసనంగా చెప్పేది, సుమారు 575 నాటిది, ఆ ఊరిదే. జమ్మలమడుగు దాటితే గండికోట. ఎర్రమల కొండల్ని పెన్న కోసిన లోయ, పెమ్మసాని నాయకులు ఏలిన కోట, లోపల మాధవరాయస్వామి గుడి, జుమ్మా మసీదు, ధాన్యాగారం. దిగువన మైలవరం జలాశయం.

ఆ గండికోటకు అప్పటిదాకా ఒక్కసారే పోయాం. పదకొండు మందిమి. నేను తెల్లవారుజామున మూడింటికే లేచి చిత్రాన్నం, పూరీలు, పెరుగన్నం కట్టాను. అక్కడ చెట్టు కింద వడ్డించి, గిన్నెలు సర్దేసరికి పొద్దు వాలింది. లోయ అంచున నిలబడింది ఐదు నిమిషాలు. అప్పటికే కారు హారన్.

అందుకే అంటున్నాను, ఇంటి ఇల్లాలికి వంటిల్లు మాత్రమే మారితే దాన్ని విహారం అనకూడదు. బయటి తిండి పడదంటారు, ఖర్చంటారు. నిజమే, షుగరున్న పెద్దవాళ్లకు ఇబ్బందే. అయితే ఒక్క పూటకు జమ్మలమడుగులో టిఫిన్, సంచిలో అరటిపండ్లు, బొరుగులు చాలవా? తప్పనిసరిగా కట్టాల్సిందుంటే ఆ పని ఇంట్లో అందరిదీ కావాలి. అమ్మ గిన్నెల దగ్గరుంటే మనం ఊరు చూడటం మామూలే అని పిల్లలు నేర్చుకుంటున్నారు, అది నాకు భయం.

మొన్న కార్తీకం పోయాక మళ్లీ పోయాం, నలుగురం. అత్తమ్మకు మాత్రం రెండు జొన్నరొట్టెలు, అవీ మా ఆయనే మూటగట్టారు. లోయ అంచున గంటసేపు కూర్చున్నాం. అత్తమ్మ మెల్లగా అంది: "పెండ్లయిన కొత్తలో వచ్చినా గానీ నేనిది చూడనేలేదమ్మా. అప్పుడు రాళ్లపొయ్యి కాడ ఉంటి."