పంపు విప్పే ముందు ట్యాంకు చూడాలి

ఈశాన్య రుతుపవనాలు దిగి, సోమశిల జలాశయం నీళ్లు కాలువలకెక్కితే నెల్లూరు జిల్లా ఇందుకూరుపేట, విడవలూరు, తోటపల్లిగూడూరు మండలాల్లో కయ్యలన్నీ దాదాపు ఒకేసారి దమ్ముకొస్తాయి. నారు ముదరకముందే నాట్లు పడాలి. ఆ రోజుల్లో ట్రాక్టరు రెండు పూటలు ఆగినా కూలీలు వేరే కయ్యకు వెళ్లిపోతారు. పదిహేను, ఇరవై ఏళ్లు పనిచేసిన ట్రాక్టర్లు మొరాయించేది కూడా అప్పుడే. నెలల తరబడి కొట్టంలో నిలబడ్డ బండిపై ఒక్కసారిగా బరువు పడుతుంది మరి. స్టార్టయిన కాసేపటికే ఆగిపోతున్నా, దమ్ము చక్రాలు బురదలో దిగగానే రేసు పడిపోతున్నా ‘పంపు పోయింది’ అని తేల్చేయడం అలవాటైపోయింది. ఆ తీర్పు చాలాసార్లు తొందరపాటుదని, దాని మూల్యం రైతే చెల్లిస్తున్నాడని నా అభిప్రాయం. డీజిల్ సరిగా అందని పాత ట్రాక్టరును ట్యాంకు దగ్గర మొదలుపెట్టి వరసగా పరీక్షించాలి. ఇంజెక్షన్ పంపు దాకా రావలసింది చివర్లోనే.

ఇందుకు కారణం యంత్రం నిర్మాణంలోనే ఉంది. ట్యాంకులోని డీజిల్ అడుగున ఉన్న కాక్, సెడిమెంట్ బౌల్, ఫీడ్ పంపు, ఫిల్టర్లు దాటుకుని ఇంజెక్షన్ పంపుకు చేరుతుంది. అక్కడి నుంచి అధిక పీడనంతో నాజిళ్లకు వెళ్తుంది. పంపు లోపలి ప్లంజరుకూ బ్యారెల్‌కూ మధ్య ఖాళీ కొద్ది మైక్రాన్లే. తలవెంట్రుక మందంలో అది చిన్న భాగం. ఆ ప్లంజరును అరిగిపోకుండా కాపాడే కందెన కూడా డీజిలే. అందుచేత పంపును పాడుచేసే నీరు, తుప్పు, నలుసు ముందున్న భాగాలు దాటుకునే లోపలికి వస్తాయి. ట్యాంకు కడగకుండా, ఫిల్టరు మార్చకుండా కొత్త పంపు బిగిస్తే పాత పంపును తిన్న మురికే దాన్నీ తింటుంది. రిపేరు ఖర్చు రెండుసార్లు పడేది ఇలాంటిచోటే.

వరసగా చూస్తే చాలా లోపాలు చిన్న స్పానరుతోనే బయటపడతాయి. సెల్ఫ్ కొడుతున్నప్పుడు సైలెన్సరులోంచి పొగ అసలే రాకపోతే డీజిల్ సిలిండరుకు చేరడం లేదని అర్థం. కాసేపు నడిచి ఆగిపోయే బండికి ముందుగా ట్యాంకు మూత వదులు చేయాలి. బుస్సుమని గాలి లోపలికి పీల్చుకుని, ఆ తర్వాత బండి మామూలుగా నడిస్తే మూతకున్న సన్నని గాలిరంధ్రం దుమ్ముతో పూడిపోయిందన్నమాట. సన్న తీగతో పొడిస్తే పని అయిపోతుంది. ఫీడ్ పంపుకు ముందున్న గొట్టంలో పగులుంటే డీజిల్ బయటికి కారకపోవచ్చు. ఇంజన్ నడిచేటప్పుడు అక్కడ గాలే లోపలికి పోతుంది, అందుకే కంటికి తడి కనిపించక రైతు మోసపోతాడు. ఫిల్టరు మీది స్క్రూ వదులు చేసి చేతి పంపు కొడితే నురగ తగ్గి ధార కుదురుగా రావాలి. ఎంత కొట్టినా బుడగలు ఆగకపోతే వాషరో గొట్టమో మార్చాలి. ఒక్క జాగ్రత్త మాత్రం తప్పనిసరి: నాజిల్ నుంచి చిమ్మే డీజిల్‌కు చెయ్యి అడ్డం పెట్టకూడదు. ఆ ధార చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. పైకి చిన్న గాయంలా కనిపించినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

సముద్రతీరంలో ఈ క్రమం మరింత అవసరం. సగం ఖాళీగా ఉన్న ట్యాంకులోకి చేరిన తేమ గాలి రాత్రి చల్లబడి లోపలి రేకుకు నీటి బొట్లుగా పడుతుంది. నీరు డీజిల్ కన్నా బరువు కాబట్టి అడుగుకు దిగి ఇనుమును తుప్పు పట్టిస్తుంది. నీటికీ డీజిల్‌కూ మధ్య సూక్ష్మజీవులు పెరిగి నల్లటి జిగురుగా ఫిల్టరుకు అడ్డంపడతాయి. సాయంత్రమే ట్యాంకు నింపుకుంటే ఈ బాధ తగ్గుతుంది. అంత డబ్బు ముందే పెట్టలేని రైతు కూడా ఉదయం స్టార్టు చేయకముందు అడుగు ప్లగ్గు వదులు చేసి నీటిని తీసేయవచ్చు. దానికి పైసా ఖర్చు లేదు.

ఇప్పటి డీజిలే పాత పంపులకు పడటం లేదని కొందరంటారు. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతటా డీజిల్‌లో గంధకాన్ని పది లక్షల పాళ్లలో పది పాళ్లకు తగ్గించారు. గంధకం తీసే ప్రక్రియలో ఇంధనానికి సహజంగా ఉండే కందెన గుణం కొంత పోతుందన్నది నిజమే. అయితే ఆ గుణం ఎంత ఉండాలో మన ప్రమాణాలే నిర్దేశిస్తున్నాయి, దాన్ని నిలబెట్టే రసాయనాలూ కలుపుతున్నారు. ఇంటి దగ్గర డీజిల్ నిల్వ చేసే డ్రమ్ములో చేరిన నీటికి ఆ ప్రమాణాలు బాధ్యత వహించవు. పాత బండితో తంటాలెందుకు, కొత్తది కొనుక్కోవచ్చు కదా అనేవారూ ఉన్నారు. వ్యవసాయ ట్రాక్టరుకు మొదటి పదిహేనేళ్ల రిజిస్ట్రేషన్ ముగిశాక ఐదేళ్లకోసారి పొడిగించుకునే వీలుంది. చట్టమే నడవనిస్తున్న బండిని అప్పు చేసి మార్చమనడం చిన్న రైతుకు చెప్పదగిన సలహా కాదు. పైగా అధిక పీడనంతో పనిచేసే కొత్త కామన్ రైల్ ఇంజన్లు నీటిని ఇంకా తక్కువగా ఓర్చుకుంటాయి. ఇక పంపులు నిజంగా పాడవవా అంటే, తప్పకుండా పాడవుతాయి. పంపు ముఖం దాకా శుభ్రమైన డీజిల్ బుడగ లేకుండా వస్తోందని తేలాక కూడా బండి లాగకపోతే, దాన్ని కయ్య గట్టు మీద విప్పకుండా టెస్ట్ బెంచి ఉన్న కార్ఖానాకు పంపాలి.

ఈ పరిజ్ఞానం రైతుకూ ఊరి మెకానిక్కుకూ చేరాలి. అనంతపురం జిల్లా గార్లదిన్నెలో కేంద్ర ప్రభుత్వ వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షల సంస్థ ఉంది. నెల్లూరులో కృషి విజ్ఞాన కేంద్రం ఉంది, ఊళ్లలో రైతు సేవా కేంద్రాలున్నాయి. ఈ మూడూ కలిసి ఏటా సెప్టెంబరులో, కాలువలకు నీళ్లు వదలకముందే, తీర మండలాల్లో ఒక్కో రోజు శిబిరం పెట్టాలని వ్యవసాయ శాఖను కోరుతున్నాను. రైతు సోదరులకు నా మాట ఒక్కటే: ఎవరైనా పంపు విప్పాలంటే ముందుగా మూత, బౌల్, ఫిల్టరు, గొట్టాలు చూపించమని అడగండి. అవి చూడకుండా పంపు మీద స్పానరు పెట్టనివ్వకండి.