తిరిగివ్వనని ఒక సంతకం

మా పత్రికలో చాలాకాలంగా రాస్తున్న ఒక కథకుడికి ఈమధ్య ఒక సంస్థ పురస్కారం ప్రకటించింది. అభినందన లేఖ వెంట ఒక హామీపత్రం కూడా వచ్చింది. పురస్కారాన్ని ఏ పరిస్థితిలోనూ తిరిగివ్వననీ, సంస్థ గౌరవానికి భంగం కలిగేలా మాట్లాడననీ రాయననీ సంతకం చేసి పంపాలట. అదే కవరులో ప్రశంసాపత్రం నమూనా ఉంది. అందులో ఆయన నిర్భీతిని తెగ మెచ్చుకున్నారు. ఆయన సంతకం పెట్టలేదు. నెల తిరిగేసరికి పురస్కారం వేరొకరికి వెళ్లింది. ప్రశంసాపత్రంలో పేరు తప్ప ఇంకేమీ మారలేదని సభకి వెళ్లొచ్చినవాళ్లు చెప్పారు.

ఆ సంస్థ పేరుతో మనకి పనిలేదు. ఈ ఊహ వాళ్ల సొంతమూ కాదు. 2023 జులైలో రవాణా, పర్యాటక, సాంస్కృతిక వ్యవహారాల పార్లమెంటరీ స్థాయీసంఘం ఇదే సిఫార్సు చేసింది. పురస్కారం ఇచ్చేముందే, రాజకీయ కారణాలతో దాన్ని తిరిగివ్వబోమని గ్రహీత నుంచి అంగీకారం తీసుకోవాలనీ, తిరిగివ్వడం దేశానికే అప్రతిష్ఠ అనీ ఆ నివేదిక అంది. అప్పటి అధ్యక్షుడు ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన రాజ్యసభ సభ్యుడు వి. విజయసాయిరెడ్డి. మనవాళ్లు దేశానికి అందించినవాటిలో దీన్నీ జమకట్టుకోవాలి కాబోలు.

స్థాయీసంఘం మనసులో ఉన్నది 2015. ఆ ఏడాది ఆగస్టు 30న ధార్వాడలో ఎం.ఎం. కల్బుర్గిని ఇంట్లోనే కాల్చి చంపారు. ఆయన స్వయంగా సాహిత్య అకాడమీ పురస్కారం పొందిన పండితుడు. తన గ్రహీతనే చంపితే అకాడమీ గట్టిగా నోరు విప్పలేదన్న బాధతో ఉదయ్ ప్రకాశ్, నయనతార సెహగల్ మొదలుకొని ముప్పైమందికి పైగా రచయితలు పురస్కారాలు వెనక్కి పంపారు. మన తెలుగువాళ్లలో కాత్యాయనీ విద్మహే ఉన్నారు. ఇచ్చినదాన్ని వెనక్కి తీసుకునే నిబంధనే తమకు లేదని అప్పుడు అకాడమీ వైపు నుంచి మాట వచ్చింది. ఇప్పుడు స్థాయీసంఘం తర్కం చూడండి. తిరిగివ్వడం కుదరనే కుదరని పనైతే, ఆ పని చెయ్యనని ఒట్టెందుకు? కుదిరే పనైతే, అది గ్రహీతకున్న హక్కే కదా, దాన్ని ముందే రాయించుకోవడమేమిటి? క్రీటు దీవివాళ్లంతా అబద్ధాలకోర్లేనని చెప్పిన ఎపిమెనిడీస్ తానూ ఆ దీవివాడే. అయితే ఆ మాట నిజమో అబద్ధమో తేల్చుకోలేక తర్కవేత్తలు నిద్రలు మానుకున్నారు. మన స్థాయీసంఘం సుఖంగా నిద్రపోయింది.

వైరుధ్యం అనగానే రచయితని వేలెత్తి చూపడం మనకి అలవాటైపోయింది. ప్రభుత్వం డబ్బు తీసుకుని ప్రభుత్వాన్ని తిడతావా, పురస్కారాల్ని ఎగతాళి చేసి శాలువా కప్పించుకుంటావా అంటారు. ఈ పత్రికకీ అలాంటి ఉత్తరాలు తక్కువ రావు. మొదటి సంచికలు పట్టుకొచ్చి మా వాక్యాలు మాకే చదివి వినిపించే మిత్రులున్నారు.

ఈ ఎత్తు కొత్తదేమీ కాదు. బౌద్ధాచార్యుడు నాగార్జునుడి విగ్రహవ్యావర్తని దీనితోనే మొదలవుతుంది. అన్నీ స్వభావశూన్యాలే అంటున్నావు, మరి నీ మాటా శూన్యమే కదా, శూన్యమైన మాట దేన్ని ఖండిస్తుంది అని ప్రతివాది నిలదీస్తాడు. నీ మాట ముందు నీకే తగులుతుందనడం ఇది. ఆచార్యుడు తన మాటకి మినహాయింపు కోరలేదు. నా మాటా శూన్యమే అని ఒప్పుకున్నాడు. అయితేనేం, బండి శూన్యమే, కుండ శూన్యమే, బట్ట శూన్యమే. అయినా బండి కట్టెలు మోస్తుంది, కుండ నీళ్లు పట్టి ఉంచుతుంది, బట్ట చలి ఆపుతుంది. అలాగే నా మాటా దాని పని అది చేస్తుంది అన్నాడు. (ఈయన నాగార్జునకొండలో ఉన్నాడో లేదో చరిత్రకారులు తేల్చుకోనీండి. ఆయన పేరు పెట్టుకున్న ఆనకట్టే ఆ లోయని ముంచిందన్న సంగతి మాత్రం తేల్చుకోనక్కర్లేదు.) రచయిత తరఫున ఇంతకుమించిన వాదన నాకు కనపడదు. లోపాలు లేనివాడే లోపం ఎత్తిచూపాలంటే లోకంలో నోరు తెరిచే అర్హత ఎవరికీ మిగలదు. మిగలకూడదనే కొందరి కోరిక.

లోపమున్న నోటా నిజం వస్తుందన్న సంగతి గురజాడకి మనందరికన్నా బాగా తెలుసు. కన్యాశుల్కం 1909 నాటి కూర్పులో సౌజన్యారావు పంతులు వేశ్యల మొహం చూడనన్న వ్రతం పట్టిన పెద్దమనిషి. పెళ్లికూతుర్ని చంపాడన్న నేరం మీద పడ్డ లుబ్ధావధాన్లు కేసు ఆయన చేతిలో ఉంది. పెళ్లికూతురు హత్య కాలేదనీ, అసలు పెళ్లికూతురే లేదనీ చెప్పగలిగింది వేశ్య మధురవాణి ఒక్కతే. ఆమె మగవేషం వేసుకుని వెళ్లి చెప్పాల్సొచ్చింది. వ్రతం నిలిస్తే మనిషి పోతాడు, మనిషి నిలవాలంటే వ్రతం పోవాలి. గురజాడ సౌజన్యారావుని అబద్ధాలకోరుగా చిత్రించలేదు, ఆయన నిజంగానే మంచివాడు. ఆ మంచితనం ఒంటరిగా చేతకానిదని చూపించాడంతే. వేశ్యాసంస్కరణ ఊపులో ఉన్న కాలంలో, సంస్కర్తల చప్పట్ల మధ్యే, నాటకంలోని వివేకమంతా వేశ్య చేతిలో పెట్టాడు. పైగా ఆయన విజయనగరం కోటని నమ్ముకుని బతికినవాడు, 1897 నాటి తొలి కూర్పు ఆనందగజపతికే అంకితం. కోట గౌరవానికి భంగం కలిగేలా రాయనని ఆయన చేత ఎవరూ సంతకం పెట్టించుకోలేదు. ఆయన సృష్టించిన గిరీశానికి ఆ కాగితం ఇచ్చి ఉంటే చదవకుండానే సంతకం చేసి, సాయంత్రం రచయితల స్వేచ్ఛ మీద ఉపన్యాసం ఇచ్చేవాడు. ఇప్పటి సభల్లో వేదిక మీద కూర్చునేది ఎక్కువగా గిరీశం వారసులే.

మన లాక్షణికులు ఒక తేడా గుర్తించారు. పైకి పొసగనట్టుండి, ఆలోచిస్తే పొసిగేది విరోధాభాసాలంకారం. ఎంత ఆలోచించినా పొసగనిది దోషం. మధురవాణి మొదటి రకం. ప్రభుత్వాలు తరచూ రెండో రకం. 1974 మేలో సికింద్రాబాద్ కుట్రకేసు పెట్టారు. కె.వి. రమణారెడ్డి, త్రిపురనేని మధుసూదనరావు, చెరబండరాజు, వరవరరావు, ఎం.టి. ఖాన్ వంటి విరసం (విప్లవ రచయితల సంఘం) రచయితలు ముద్దాయిలు. రాతలతో జనాన్ని రెచ్చగొట్టారన్నది ఆరోపణల్లో ఒకటి. ఆ విరసానికి తొలి అధ్యక్షుడు శ్రీశ్రీ. సరిగ్గా ఆ ఏటి సినిమాలకిచ్చిన జాతీయ పురస్కారాల్లో ఉత్తమ గీత రచయిత కూడా శ్రీశ్రీయే, అల్లూరి సీతారామరాజు సినిమాలో రాసిన పాటకి. 1922లో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీస్ స్టేషన్ల మీద పడి తుపాకులు పట్టుకుపోయినవాడి మీద పాట రాస్తే బహుమతి, బతికున్న గిరిజనుల మీద కవిత రాస్తే కేసు. ఢిల్లీ చేసింది ఒకటి, హైదరాబాద్ చేసింది ఒకటి అని సర్దిచెప్పేవారు చెప్పవచ్చు. కేసు మాత్రం 1989 దాకా నడిచి కొట్టుడుపోయింది. ఈ పొసగనితనానికి ఎవరి దగ్గరా ఎవరూ హామీపత్రం రాయించుకోలేదు.

అంబేద్కర్ 1949 నవంబర్ 25న రాజ్యాంగసభలో చెప్పినదాన్ని ఇక్కడ తలచుకోక తప్పదు. జనవరి 26 నుంచి మనం వైరుధ్యాల బతుకులోకి అడుగుపెడుతున్నాం, రాజకీయాల్లో సమానత్వం, సాంఘిక ఆర్థిక జీవితంలో అసమానత్వం అన్నాడు. రాజ్యాంగం రాసిన చేతులతోనే దాని పగులు చూపించాడు. అందుకు రాజ్యాంగానికి అప్రతిష్ఠ వచ్చిందని ఎవరూ అనలేదు. ఆ సభ వారసత్వమే తమదని చెప్పుకునే పార్లమెంటులో ఒక సంఘం, పగులు చూపించే చెయ్యి ముందే కాగితం మీద కట్టేసుకోవాలంటోంది.

పురస్కారం ప్రజల డబ్బు, దాన్ని నిరసనకి వాడుకోవడం ప్రచారయావ అనేవారున్నారు. 2015లో చెక్కులు కూడా జతచేసి పంపినవాళ్లున్నారని వాళ్లకి గుర్తుచేస్తే చాలు.

కాదనే వీలున్నచోటే ఔననే మాటకి విలువ. 1964లో నోబెల్ తనకి వద్దని సార్త్ర ముందే ఉత్తరం రాశాడు, అది సమయానికి అందలేదు, ప్రకటించాక నిరాకరించాడు. గ్రహీతల జాబితాలో ఆయన పేరు నేటికీ ఉంది, నోబెల్‌కి వచ్చిన లోటేమీ లేదు. జలియన్‌వాలాబాగ్ తర్వాత 1919లో టాగోర్ నైట్ బిరుదు వదులుకున్న సంగతి మన పిల్లలకి బడిలో గర్వంగానే చెబుతున్నాం. ఎమర్జెన్సీకి నిరసనగా శివరామ కారంత్ పద్మభూషణ్ తిరిగిచ్చాడు. 1984లో స్వర్ణాలయంలోకి సైన్యాన్ని పంపినందుకు ఖుష్వంత్ సింగ్ పద్మభూషణ్ తిరిగిచ్చాడు, 2007లో ఇదే భారత ప్రభుత్వం ఆయనకి అంతకన్నా పెద్దదైన పద్మవిభూషణ్ ఇచ్చింది, ఆయన పుచ్చుకున్నాడు. ఆయనా ప్రభుత్వమూ ఇద్దరిలో ఎవరిది వైరుధ్యమో స్థాయీసంఘం తీరిగ్గా తేల్చవచ్చు.

ఈ పత్రిక ఏటా ఇచ్చే కథా పురస్కారానికి సంతకాలేమీ ఉండవు, రసీదు మీద తప్ప. పాత విజేతల్లో ఎవరైనా ఈ సంపాదకీయం నచ్చకో, మరింకెందుకో తిరిగివ్వదలిస్తే నిరభ్యంతరంగా పంపవచ్చు. జ్ఞాపికని మాత్రం నాలుగు మడతల గుడ్డలో చుట్టి పార్సిల్ చెయ్యండి, అది గాజుది. తపాలా ఖర్చు మేమే పెట్టుకుంటాం.